నా రైఫిలు చప్పుడు చెయ్యదు

ఆగస్టు 27, సోమవారం

మారిసేలా కాంతూ పొద్దున్నే ఊడిపడింది. వేరుశనగ చేలని తవ్వి పోస్తున్న అడవి పందుల్ని కాల్చే కాంట్రాక్టు ఈ కౌంటీలో ఆవిడదే. ఐదుగురు మనుషులు, మూడు ట్రక్కులు, ఓ పెద్ద గొంతు. ఆరు రైఫిళ్ళు కావాలట. సైలెన్సరు బిగించినవి, నెమ్మది తూటావి, ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఒకటి పేలి తనంతట తనే రెండోది నింపుకునేవి.

"చప్పుడు అస్సలు ఉండకూడదు బెరెండ్స్ గారూ," అంది.

నలభై ఏళ్ళుగా ఈ మాట వింటున్నాను. అందరూ సినిమాలు చూసి వస్తారు. సైలెన్సరు పెడితే తుపాకీ ముద్దు పెట్టినట్టు పేలుతుందనుకుంటారు.

"పందులు తెలివి మీరిపోయాయండీ. మొదటి దెబ్బకే మంద మొత్తం ఓక్ చెట్లలోకి దూరిపోతోంది. ఒకటి పడితే ఇరవై తప్పించుకుంటున్నాయి. ఈ పంటకి కూడా ఇలాగే అయితే రైతులు నన్ను మానిపించి ఇంకొకళ్ళని పెట్టుకుంటారు."

బల్ల మీద మూడు బోల్టులు, అదే తుపాకీ లోపల ముందుకీ వెనక్కీ కదిలి తూటా నింపే ఇనుప దిమ్మలు, పెట్టి చెప్పాను. "చూడు. తూటా ధ్వని కన్నా నెమ్మదిగా పోతుంది కాబట్టి గాల్లో పగిలినట్టు మోగదు. మందు మోతని సైలెన్సరు మింగుతుంది. ఇక మిగిలేది తుపాకీ కడుపులో చప్పుడు. అది తనని తాను ఎలా నింపుకుంటుందన్నదే అసలు సంగతి. మూడు పద్ధతులున్నాయి. బరువైన బోల్టు పెట్టి, దెబ్బకి అదే వెనక్కి వస్తుందిలే అని వదిలెయ్యడం ఒకటి. అది సోమరిపోతుల పద్ధతి. రెండోది, పేలిన గ్యాసుని సన్న గొట్టంలోంచి తెచ్చి బోల్టు మీదే ఊదడం. సైలెన్సరు ఉంటే ఆ పొగంతా తిరిగొచ్చి నీ మొహాన్నే కొడుతుంది. మూడోది పిస్టను. గ్యాసు ముందే ఆగిపోయి ఓ కడ్డీని తోస్తుంది, కడ్డీ బోల్టుని తోస్తుంది. శుభ్రం. నేను చేసేది అదే."

"మీ దగ్గర పనిచేసిన ప్రూయెట్ గొట్టం పద్ధతే మంచిదంటున్నాడే."

"అంటాడు. వాడికి వచ్చింది అదొక్కటే కదా."

నవ్వింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే తేలుస్తానంది. నా తుపాకీని టోబిన్ ప్రూయెట్ తుపాకీ పక్కన పెడుతుందట. పెట్టుకోనీ.

ఆగస్టు 28

ప్రూయెట్ ఫోన్ చేశాడు. ఏదో గొణిగాడు. పెట్టేశాను.

ఆగస్టు 31

ప్రూయెట్ నా దగ్గర పదేళ్ళు పని చేశాడు. ఆకురాయి పట్టుకోవడం నేను నేర్పాను. నాలుగేళ్ళ కింద వెళ్ళిపోయి హైవే పక్కన అద్దాల తలుపుల దుకాణం పెట్టాడు. కాఫీ యంత్రం ఒకటి, సోఫా ఒకటి. తుపాకుల దుకాణానికి సోఫా ఎందుకో వాణ్ణే అడగాలి. చప్పుడు కొలిచే మీటరు కొన్నాడట, దానికో కంప్యూటరు. గీతలు గీస్తుందట. తుపాకీ మంచిదో కాదో గీత చూసి చెప్పేవాడు వంట బాగుందో లేదో కంచం చూసి చెప్తాడు.

బరువు బోల్టు పద్ధతి వద్దనే దగ్గర మాత్రం ఇద్దరం ఒకటయ్యాం. మారిసేలా చెప్పింది. పదేళ్ళు నా దగ్గరుండి ఆ మాత్రమైనా నేర్చుకున్నాడు.

ఈ ఏడాది కీచురాళ్ళు లేవు. చేలకి మందులు కొట్టి కొట్టి చంపేశారు.

సెప్టెంబర్ 3

సెలవు. లెనోరా వాళ్ళ అక్క వచ్చింది. భోజనం దగ్గర అక్కచెల్లెళ్ళిద్దరూ బల్ల మీదకి వంగి గుసగుసలు. మొగుడి ముందు రహస్యాలేంటో. నేను టీవీ పెట్టుకున్నాను. లెనోరా లేచొచ్చి రిమోటు లాక్కుని తగ్గించింది. నేను పెంచాను. మళ్ళీ తగ్గించింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం ఇలా ఉంది.

పిస్టను కడ్డీ పూర్తయింది. గ్యాసు కాస్త ధారాళంగానే వదిలాను. నెమ్మది తూటాలో మందు తక్కువ, గ్యాసు పిసినారిది. దాన్ని నమ్ముకుంటే బోల్టు సగం దూరం వచ్చి ఆగిపోతుంది. ప్రూయెట్ తుపాకీకి చలికాలంలో అదే గతి. చూస్తాను.

సెప్టెంబర్ 6, గురువారం

తెల్లవారుతుండగా కోల్బ్ వాళ్ళ వేరుశనగ చేలో మొదటి పరీక్ష. చేను గట్టున మారిసేలా, ప్రూయెట్, నేను. కాల్చింది ఇసిద్రో లుహాన్. మారిసేలా మనుషుల్లో వీడే గురి ఉన్నవాడట. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు, మాట్లాడితే పెదాలు కదలవు. ఏం చెప్పినా ప్రార్థన చేసుకుంటున్నట్టే ఉంటుంది.

ముందు నాది. పదకొండు పందులు. ఇసిద్రో ఒకదాన్ని పడగొట్టాడు, మిగతావి పరుగో పరుగు. ఇంకో మూల చేలో ప్రూయెట్‌ది. వాడి అదృష్టం, అక్కడ పిల్ల పందులు, బుద్ధి లేనివి. ఒకటి పడ్డా మిగతావి తలెత్తి చూస్తూ నిలబడ్డాయి. నాలుగు పడ్డాయి.

"గాలి," అన్నాను. "మన వాసన అటు కొట్టింది."

మారిసేలా ఇసిద్రో వైపు చూసింది. అతను ఏదో అన్నాడు.

"ఏంటి, గట్టిగా చెప్పు. సిగ్గుపడితే ఎలా?"

అతను నా ఎదురుగా వచ్చి నిలబడి చెప్పాడు. "మీ రైఫిలు రెండుసార్లు మోగుతోందండీ. పేలినప్పుడు ఒకసారి. తర్వాత ఇనుము మీద ఇనుము కొట్టినట్టు ఇంకోసారి. ఆ రెండోదానికే పందులు లేచాయి."

"నా చెవి ఆ రైఫిలుకి మూడడుగుల దూరంలో ఉంది," అన్నాను. "నాకు ఒక్కటే వినబడింది. నువ్వు పందుల్ని కాల్చు. తుపాకుల సంగతి నేను చూసుకుంటాను."

ప్రూయెట్ తన బూట్లు చూసుకున్నాడు. కానీ వాడికీ ఒక దెబ్బ తగిలింది. నాలుగు తూటాలు కాల్చేసరికి ఇసిద్రో కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. నేను చెప్పిన పొగే. మారిసేలా అది చూసింది. నేను చూసేలా చేశాను.

సెప్టెంబర్ 7

రెండుసార్లు మోగుతుందట. పందులు కాల్చేవాడు చెప్తాడు, నేను వినాలి.

సెప్టెంబర్ 12, బుధవారం

ఇవాళ్టిది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మా దుకాణం వెనక మైదానంలో రెండో పరీక్ష. అరవై గజాల దూరంలో మూడు చెక్క ఫ్రేములు, వాటికి కాగితం గుర్తులు. ప్రూయెట్ తన మీటరు, రికార్డరు నా బల్లకి పక్కగా కర్ర మీద బిగించాడు, సర్వే చేసేవాడిలా. పది గంటలప్పుడు బ్యాటరీ తెస్తానని ట్రక్కులోకి పోయాడు. ఏసీ వేసుకుని కూర్చుని ఉంటాడు. మారిసేలా గేటు దగ్గర ఫోనులో ఉంది. బల్ల దగ్గర నేను, కాస్త వెనగ్గా ఇసిద్రో.

గ్యాసు మరను కొంచెం తిప్పుదామని నేను తుపాకీ మీదకి వంగాను. తిప్పాను. తలెత్తి దుర్బీనులోంచి ఎడమ ఫ్రేము చూసి ఒకటి కాల్చాను.

ఫ్రేము వెనకనుంచి ఇసిద్రో పడ్డాడు.

తూటా తగల్లేదు. ఫ్రేము కర్రకి తగిలింది. ఆ కర్ర పేడు లేచి అతని చెంపలో దిగింది. కాగితం మార్చడానికి వెళ్ళాడట. తూటా పోయిన చోటికీ అతని మెడకీ మధ్య నా అరచెయ్యి పడుతుంది. నేనే కొలిచాను.

లెనోరా తువ్వాలు తెచ్చింది. మారిసేలా అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆరు కుట్లు.

వెళ్తూ అతను నాతో ఒకే మాట అన్నాడు. మొహం నా వైపే ఉంది కాబట్టి బాగానే తెలిసింది. "రెండుసార్లు అరిచానండీ."

అరవలేదు.

సెప్టెంబర్ 13

అతను అరవలేదు. కాల్చే చోట గీసిన గీత దాటి గుర్తుల వైపు వెళ్ళేముందు అరవాలి. అది రేంజి నియమం, పసిపిల్లలక్కూడా తెలుసు. అరిస్తే వినేవాణ్ణి. పది గజాల్లో ఉన్నాను.

సెప్టెంబర్ 14

మారిసేలా వచ్చింది. కూర్చోలేదు.

"బెరెండ్స్ గారూ, ఇన్సూరెన్సు వాళ్ళకి రాసివ్వాలి. ఒక్కసారి అడుగుతాను. అతను అరిచాడా?"

"లేదు."

"ఖాయంగానా? ఇసిద్రో నా దగ్గర ఆరేళ్ళుగా ఉన్నాడు. ఎప్పుడూ గీత దాటలేదు."

"ఈ మైదానంలో నలభై ఏళ్ళుగా కాలుస్తున్నాను. ఒక్కడికీ గీరుకోలేదు. మీ వాడు నిద్రమొహంతో నడుచుకుంటూ పోయాడు. అరవలేదు. బైబిలు తెమ్మంటే తెస్తాను."

కాసేపు గోడ మీద లైసెన్సు కాగితం చూస్తూ నిలబడింది. "మీ మాట కాదనలేను," అంది. "రేంజి మీద అరవని మనిషిని మిగతా నలుగురి పక్కన ఎలా పెట్టను? ఆపేస్తాను అతన్ని."

అది ఆవిడ వ్యవహారం. నేను ఆపమనలేదు.

సెప్టెంబర్ 16, ఆదివారం

చర్చి మెట్ల మీద నలుగురైదుగురు చుట్టూ చేరారు. పెద్ద గండం తప్పింది హార్లన్, నీది కాబట్టి గురి, వేరేవాడైతే మనిషి పోయేవాడు అన్నారు. గురి కాదు, అదృష్టం అనొచ్చు. అనలేదు. పాస్టరుకి ఈ మధ్య గొంతులో బలం తగ్గింది. సగం ప్రసంగం తన చొక్కాకే చెప్పుకున్నాడు.

ఇంటికొచ్చే దారిలో లెనోరా ఏమీ మాట్లాడలేదు. లేదా మాట్లాడిందేమో, ట్రక్కు కిటికీ తీసి ఉంది.

సెప్టెంబర్ 17

అరవలేదు.

సెప్టెంబర్ 21, శుక్రవారం

గెలిచాను. మారిసేలా వచ్చి చెప్పింది. ఆరు రైఫిళ్ళూ నా పిస్టనువే. ప్రూయెట్ గొట్టం తుపాకీతో ఆవిడ మనుషులు వారం రోజులు కాల్చి చూశారట. పొగకి కళ్ళు మండి ఒకడు మధ్యాహ్నం దాకా పనికి రాలేదట. "మీది కొంచెం చప్పుడైనా మనుషులకి కళ్ళుండాలి కదా," అంది.

కొంచెం చప్పుడట. పోనీలే. ఆరు కదా.

ఇసిద్రో సంగతి నేను అడగలేదు. ఆవిడే చెప్పింది. పక్క కౌంటీలో ఇళ్ళ పైకప్పులు వేసే వాళ్ళ దగ్గర చేరాడట. ఇద్దరు ఆడపిల్లలు. పందుల పనిలో ఇక ఎవరూ పెట్టుకోరట, రేంజి మీద అరవనివాడన్న మాట పాకిపోయిందట.

లెనోరా పీచ్ పండ్లతో నాకిష్టమైన తీపి వంటకం, కాబ్లర్, చేసింది. తను తినలేదు.

సెప్టెంబర్ 24, సోమవారం

ప్రూయెట్ వచ్చాడు. ఓడినవాడు ఎందుకొస్తాడో నాకు తెలుసు. ఏడవడానికి, లేకపోతే బేరానికి. కంప్యూటరు చంకలో పెట్టుకుని వచ్చి, నా బల్ల మీద నేను ఖాళీ చెయ్యకుండానే పెట్టాడు.

"సార్, ఇది మీరొక్కరే వినాలి. ఇంకెవరికీ వినిపించలేదు."

"నీ గీతలు నాకెందుకు?"

"గీతల కోసం కాదు సార్. ఆ రోజు రికార్డరు ఆపకుండానే ట్రక్కులోకి వెళ్ళాను. నిన్న మొత్తం విన్నాను."

మీట నొక్కాడు. తెర మీద ఆకుపచ్చ గీత పాకుతోంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక చిన్న గుట్ట లేచింది. మళ్ళీ చదును. మళ్ళీ ఓ గుట్ట. చదును. తర్వాత ఓ కొండ, డబ్‌మని నా రైఫిలు.

"విన్నావా?" అన్నాను. "ఒక్కటే మోత. నీ రికార్డరే చెప్తోంది."

వాడు నా మొహం కేసి చూశాడు. పదేళ్ళు నా కింద పనిచేసినా ఎప్పుడూ అలా చూడలేదు. ఏదో అన్నాడు, నాకు అందలేదు. మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. అప్పుడే చూశాను, లెనోరా తలుపు దగ్గర నిలబడి ఉంది. గిన్నెలు తుడిచే గుడ్డ చేతిలో ఉంది.

"అతను అరిచాడు హార్లన్," అంది.

"ఎక్కడ?"

వచ్చి తెర మీద మొదటి గుట్ట మీద వేలు పెట్టింది. "ఇక్కడ. 'వెళ్తున్నా' అన్నాడు." రెండో గుట్ట మీద పెట్టింది. "ఇక్కడ ఇంకా గట్టిగా. 'బెరెండ్స్ గారూ, గీత దాటుతున్నా.' నీ పేరు పెట్టి పిలిచాడు."

"మళ్ళీ పెట్టు," అన్నాను.

పెట్టాడు. నేను చెవి దగ్గరగా పెట్టాను. గుట్టలు లేచాయి. నాకు వినబడింది రైఫిలు ఒక్కటే.

"రైఫిలు తర్వాత ఇదేంటి?" అన్నాను. కొండ పక్కనే సన్నగా, నిటారుగా ఇంకో గీత ఉంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఖరికి లెనోరా చెప్పింది. "అది నీ బోల్టు. గరిటెతో మూకుడు మీద కొట్టినట్టుంది. వంటింట్లోకి కూడా వినబడుతుంది. నీకు తెలుసనుకున్నాను."

ప్రూయెట్ కంప్యూటరు మూశాడు. "ఇది మారిసేలాకి మీరే చెప్పాలి సార్. నేను చెప్పను," అన్నాడు. నాకు పెదాలు కనబడేలా నిలబడి చెప్పాడు. వీడికి ఈ సంగతి ఎన్నాళ్ళుగా తెలుసో. నా దగ్గర పనిచేసేటప్పుడు కూడా ఎదురుగా వచ్చి నిలబడే మాట్లాడేవాడు. మర్యాద అనుకునేవాణ్ణి.

వెళ్ళిపొమ్మన్నాను.

సెప్టెంబర్ 25

యంత్రాలు తప్పు చెప్తాయి. చవక రికార్డర్లు ఎక్కణ్ణించో పట్టుకొచ్చి వినిపిస్తాయి. రోడ్డు మీద ఎవడో అరిచి ఉంటాడు.

బెరెండ్స్ గారూ అని రోడ్డు మీద ఎవడరుస్తాడు.

సెప్టెంబర్ 26

మొదటి రెండు రైఫిళ్ళ పని మొదలుపెట్టాను. ఆపేశాను. లెనోరాని అడిగాను, ఎన్నాళ్ళనుంచి అని. ఏడెనిమిదేళ్ళు అంది. చెప్పలేదేం అంటే, "చెప్పాను. రెండుసార్లు పళ్ళెం విసిరావు," అంది.

ఒక్కసారే విసిరాను.

సెప్టెంబర్ 28, శుక్రవారం

పెద్ద ఊరికి చెవుల పరీక్షకి వెళ్ళాను. డాక్టరమ్మకి ముప్ఫై కూడా ఉండవు. గది గోడల నిండా చేపల బొమ్మలు. చేపలకి చెవులుండవని చెబుదామనుకున్నాను. ఓ డబ్బాలో కూర్చోబెట్టి చెవులకి ఏవో తగిలించి, వినబడినప్పుడల్లా మీట నొక్కమంది. నొక్కాను. చాలాసేపు ఏమీ రాలేదు. యంత్రం చెడిపోయిందేమో చూడమన్నాను. కిటికీలోంచి తల అడ్డంగా ఊపింది.

బయటికి తెచ్చి ఓ కాగితం చూపించింది. గీత కాసేపు బల్లపరుపుగా పోయి, ఒక్కసారి గట్టు మీంచి పశువు పడ్డట్టు కిందికి పడిపోయింది.

"సన్న చప్పుళ్ళు అసలు లేవు. దూరంనుంచి మాట వస్తే ముక్కలే అందుతాయి. మీరేం పని చేస్తారు?"

"తుపాకులు. చప్పుడు లేనివి."

నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

అక్టోబర్ 1, సోమవారం

మారిసేలా కోల్బ్ వాళ్ళ చేలో పందుల బోను తలుపు సరిచేస్తుంటే వెళ్ళాను. ట్రక్కులోంచే చెప్పేసి తిరిగొద్దామనుకున్నాను. దిగాను.

"అతను అరిచాడు. రెండుసార్లు. నా పేరు పెట్టి అరిచాడు. నాకు వినబడదు."

ఆవిడ చేతిలో పట్టకారు అలాగే ఉంది. "బైబిలు తెస్తానన్నారు."

"అన్నాను."

"నేను మీ మాట మీద ఓ మనిషిని పంపేశాను. ఆరేళ్ళు నా వెనక నిలబడ్డ మనిషిని. అతని వైపు ఇంకెవరూ లేరని, మీది పెద్ద పేరని, మీ మాటే పట్టుకున్నాను. ఇప్పుడెందుకొచ్చారు?"

"ప్రూయెట్ దగ్గర టేపు ఉంది."

"అది లేకపోతే?"

వచ్చేవాణ్ణి అందామని నోరు తెరిచాను. "వచ్చేవాణ్ణి కాదేమో," అన్నాను.

చాలాసేపు నన్ను తిట్టింది. కొంత స్పానిష్‌లో. గట్టిగానే తిట్టింది కాబట్టి అంతా వినబడింది. అన్నీ న్యాయమైన తిట్లే. ఒకట్రెండు ఎక్కువ.

అయ్యాక తుపాకుల మాట ఎత్తాను. "నాది వద్దు. అది నిజంగానే రెండుసార్లు మోగుతుంది. చెవి లేనివాడు చేసిన రైఫిలు అది. బోల్టు గట్టిగా కొడుతుంటే నా చెంపకి తెలుస్తూనే ఉంది, దాన్ని బలం అనుకున్నాను. ప్రూయెట్ గొట్టమే తీసుకో."

"కళ్ళు మండుతాయి కదా."

"తప్పు గొట్టంలో లేదు, వాడు పెట్టిన సైలెన్సరులో ఉంది. గ్యాసుని వెనక్కి తోస్తోంది. ముందుకి వదిలే రకం పెట్టమను. సోఫా మీద కూర్చుంటే ఇలాంటివి తట్టవు."

ఆవిడ పట్టకారు డబ్బాలో పడేసింది. "నా ఇన్సూరెన్సు కాగితం మళ్ళీ రాయాలి. మీ సంతకం కావాలి. చెవుల పరీక్ష కాగితం కూడా."

ఇస్తానన్నాను. ఆ కాగితం వెళ్తే రేంజి మూతపడుతుంది. లైసెన్సు సంగతి వాళ్ళిష్టం.

ఇసిద్రో ఎక్కడ పని చేస్తున్నాడో అడిగాను. ఫోన్ చేస్తే సరిపోతుంది కదా అంది. ఫోన్లో నాకేం వినబడుతుంది అన్నాను. ఈ మాట గట్టిగా అనడం ఇదే మొదటిసారి. పెద్ద కష్టమేమీ కాలేదు. లెనోరాకి చెప్పకూడదు.

అక్టోబర్ 3

ప్రూయెట్ ఫోన్ చేశాడు. లెనోరా పక్కన కూర్చుని వాడు అన్నదంతా నాకు గట్టిగా చెప్పింది. సైలెన్సరు మార్చి చూశాడట, పొగ సగానికి పైగా తగ్గిందట. థాంక్స్ అన్నాడట. ఆ మాత్రం తనంతట తను కనుక్కోలేకపోయాడా అని చెప్పమన్నాను. లెనోరా ఫోన్లో, "నీకు సంతోషం అంటున్నాడు," అని చెప్పింది. పెదాలు చూడడం ఈ మధ్యే నేర్చుకుంటున్నానని తనకి తెలీదు.

అక్టోబర్ 6, శనివారం

పక్క కౌంటీలో కొత్త ఇళ్ళ వరస. నాలుగో ఇంటి కప్పు మీద ఇసిద్రో ఉన్నాడు, ఒక్కడే. మిగతావాళ్ళు ముందు ఇంటి మీద ఉన్నారు. రాత్రి వాన పడి కింద అంతా బురద. చెంప మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

కింద నిలబడి చెప్పాను. రాసుకెళ్ళిందేమీ చెప్పలేదు. "నువ్వు అరిచావు. రెండుసార్లు. నాకు వినబడలేదు. అరవలేదని చెప్పాను. ప్రమాణం చేస్తానని కూడా అన్నాను."

అతను సుత్తి పక్కన పెట్టాడు. కప్పు అంచుకి వచ్చి కూర్చున్నాడు. గట్టిగానే మాట్లాడాడు. ఎవరో చెప్పి ఉంటారు.

"తెలుసు. మారిసేలా ఫోన్ చేసింది. తిరిగి రమ్మంది."

"వెళ్తావా?"

"ఆలోచిస్తానన్నాను." ఇదివరకు నన్ను మీరు అనేవాడు. ఇవాళ అనలేదు. "నీకొకటి చెప్పనా? ఇంటికెళ్ళాక నా చిన్నకూతురు అడిగింది, నాన్నా, అరవడం మర్చిపోయావా అని. అరిచానని చెప్పాను. మర్నాడు మళ్ళీ అడిగింది. అలా అడిగి అడిగి నాకే అనుమానం పుట్టించింది. నిజంగా అరిచానా, అరిచాననుకున్నానా? పెద్దమనిషి, నలభై ఏళ్ళ పనివాడు, ఆయన వినలేదంటున్నాడు. మూడు వారాలు నేను నన్నే నమ్మలేదు. ఉద్యోగం పోతే ఇంకోటి వచ్చింది. చూస్తున్నావుగా. అది మాత్రం..."

చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊపాడు.

క్షమించమన్నాను. అలాంటి మాట ఎన్నేళ్ళకి అన్నానో, నోట్లో మేకులు పెట్టుకుని అన్నట్టు వచ్చింది. అతను సరేననలేదు, కాదనలేదు. లేచి మళ్ళీ పనిలో పడ్డాడు. కొద్దిసేపటికి, అటు తిరిగే, ఏదో అన్నాడు.

అందలేదు. పొమ్మన్నాడనుకున్నాను. ఎవరేమన్నా తలూపి నడిచిపోవడం నాకు బాగా అలవాటు, ఊపాను కూడా. ట్రక్కు దాకా వెళ్ళి తలుపు తీశాను. మళ్ళీ మూశాను. వెనక్కి వచ్చాను.

"వినబడలేదు," అన్నాను. "మళ్ళీ చెప్పు."

వెటకారమాడుతున్నానేమోనని ఒక నిమిషం చూశాడు. తర్వాత అంచు మీంచి వంగి, పెదాలు కనబడేలా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"నిచ్చెన పట్టుకో. బురదలో కదులుతోంది. నేను దిగాలి."

పట్టుకున్నాను. దిగి నీళ్ళు తాగాడు. పలకల కట్ట భుజానేసుకుని మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ పట్టుకున్నాను. మధ్యాహ్నం దాకా అలా ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు, నేను పట్టుకుంటూ ఉన్నాను.

మూడో వరస పలకలు వంకరగా వేశాడు. చెప్పలేదు.